పేరు రాసిన చోటే తుప్పు: లేజర్ దెబ్బల లెక్క కోసం నా ప్రాజెక్టు డైరీ

జూన్ 11

పరకాల నుంచి ఒక పెద్దమ్మ వచ్చి, సంచిలోంచి స్టీలు బిందె తీసి బల్ల మీద పెట్టింది. ఫాల్గుణంలో ఆమె బిడ్డ పెళ్లికి సారె సామాన్లన్నిటికీ మేమే పేర్లు వేసిచ్చాం. బిందె మెరుస్తూనే ఉంది. పేరు మాత్రం గోధుమరంగుకు తిరిగింది. తడిగుడ్డతో తుడిస్తే గుడ్డకు తుప్పు అంటుకుంది.

"తుప్పు పట్టదనే కదా కొడుకా స్టీలు కొంటం. పేరు రాసిన కాడనే పట్టింది చూడు" అన్నది.

నా దగ్గర జవాబు లేదు. బిందె ఇక్కడే ఉంచి వెళ్లమని, శ్రావణం లోపల బాగుచేసి ఇస్తానని చెప్పాను. ఆమె వెళ్లిపోయాక మిగతా సామాన్లు గుర్తొచ్చి టెన్షన్ పట్టుకుంది. ఆ పెళ్లికి నలభైకి పైగా గిన్నెల మీద అదే సెట్టింగ్‌తో పేర్లు వేశాను.

మా దుకాణం హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక గల్లీలో. బాపు ముప్పై ఏళ్లు గిన్నెల మీద పేర్లు కొట్టాడు. మొదట ఉలి, సుత్తితో చుక్క పక్కన చుక్క పెట్టి కొట్టేవాడు, తర్వాత కరెంటు పెన్ను వచ్చింది. రెండేళ్ల కింద నేను 20 వాట్ల ఫైబర్ లేజర్ మార్కింగ్ మిషన్ కొన్నాను. రాత్రి ఇంట్లో అటక మీది పాత సామాన్లన్నీ దించి చూశాను. బాపు చేతితో కొట్టిన పేర్లలో ఒక్క అక్షరానికీ తుప్పు లేదు.

ఉలి దెబ్బకు పట్టని తుప్పు, లేజర్ దెబ్బకు ఎందుకు పట్టింది? ఈ డైరీ దానికోసమే.

జూన్ 14

ముందు నా మిషన్ ఏం చేస్తుందో కాగితం మీద రాసుకోవాలి. ఇన్నాళ్లూ నేను పవర్, స్పీడ్ మాత్రమే చూశాను. పల్స్‌ల లెక్క ఎప్పుడూ వేయలేదు.

ఈ లేజర్ దీపంలాగా ఏకధాటిగా వెలగదు. చిన్న చిన్న దెబ్బలుగా కొడుతుంది. ఒక్కో దెబ్బే ఒక పల్స్. కంటికి కనిపించని 1064 నానోమీటర్ల కాంతి. నాది పల్స్ పొడవు మార్చుకునే మోపా రకం కాబట్టి 2 నుంచి 350 నానోసెకన్ల వరకు పెట్టుకోవచ్చు. నానోసెకను అంటే సెకనులో వంద కోట్లవ వంతు. 110 మిల్లీమీటర్ల లెన్సు కింద పడే చుక్కను యూఎస్‌బీ మైక్రోస్కోపుతో కొలిస్తే అడ్డంగా దాదాపు 50 మైక్రాన్లు వచ్చింది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

పెద్దమ్మ బిందెకు వాడిన సెట్టింగ్: 16 వాట్లు, సెకనుకు 20 వేల పల్స్‌లు, పల్స్ పొడవు 200 నానోసెకన్లు, స్పీడ్ సెకనుకు 200 మిల్లీమీటర్లు, గీతకూ గీతకూ మధ్య 20 మైక్రాన్లు, అక్షరం నిండా రెండుసార్లు.

16 వాట్లను 20 వేలతో భాగిస్తే ఒక్క పల్స్‌లో 0.8 మిల్లీజౌల్. సెకనుకు 200 మిల్లీమీటర్ల వేగంలో 20 వేల పల్స్‌లు అంటే పల్స్‌కూ పల్స్‌కూ మధ్య 10 మైక్రాన్లు. చుక్క వెడల్పు 50 మైక్రాన్లు. అంటే ప్రతి పల్స్ ముందు పల్స్ పడిన చోటునే చాలావరకు మళ్లీ కొడుతోంది. పక్క గీతలు కూడా దాని మీదకే వస్తాయి. లెక్క కట్టితే ఒక్కో బిందువు మీద ఒక విడతకు సుమారు 10 దెబ్బలు, రెండు విడతలకు 20.

బాపుకు ఈ లెక్క చూపించాను. "నేను ఒక చుక్కకు ఒక్క దెబ్బే కొడ్తుంటి. నువ్వు ఇరవై కొడ్తున్నవా?" అన్నాడు. ఇరవయ్యో దెబ్బ పడేటప్పటికి అక్కడున్నది మొదటి దెబ్బ తిన్న స్టీలు కాదు. అసలు విషయం ఇక్కడే ఉందని నాకు అనిపించింది.

జూన్ 19

ములుగు రోడ్డు వైపు షీట్ల షాపులో 304 రకం, 202 రకం స్టీలు ముక్కలు తెచ్చాను. 304లో క్రోమియం దాదాపు 18 శాతం, నికెల్ 8 శాతం. 202లో నికెల్ తక్కువ, దాని బదులు మాంగనీసు. ధర తక్కువ కాబట్టి బజారులో దొరికే గిన్నెలలో ఈ 200 వరుస స్టీలు చాలా ఉంటుంది.

ఒకే చోట 1, 2, 5, 10, 20, 50, 100, 200, 500 దెబ్బలు కొట్టి చూడాలని ప్లాన్. స్పీడ్ బాగా పెంచి, సెకనుకు 2000 మిల్లీమీటర్లలో గీత గీస్తే చుక్కలు 100 మైక్రాన్ల దూరంలో విడివిడిగా పడతాయి. అదే గీతను పదిసార్లు గీస్తే ప్రతి చుక్క మీద పది దెబ్బలు పడతాయి కదా అనుకున్నాను.

పడలేదు. మైక్రోస్కోపులో చూస్తే ప్రతి విడతా చుక్కలు కొంచెం కొంచెం పక్కకు జరిగి, గీతంతా గందరగోళంగా ఉంది. సాయంత్రం దాకా లెన్సును, టేబుల్ బోల్టులను అనుమానించి బిగిస్తూ కూర్చున్నాను. లోపం వాటిలో లేదు. లేజర్ కాంతిని అటూ ఇటూ తిప్పడానికి మిషన్ లోపల అద్దాలుంటాయి. వాటిని కదిపే గడియారం ఒకటి, పల్స్‌లు వదిలే గడియారం ఇంకొకటి. రెండూ ఒకేసారి మొదలు కావు. ప్రతి గీతలో మొదటి పల్స్ ఎక్కడ పడుతుందో చెప్పలేం.

ఒక రోజు పోయింది. కానీ ఇది ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను: గీతను తిప్పి తిప్పి గీసి పల్స్‌లు లెక్కపెట్టకండి.

జూన్ 22

గీత మానేసి చుక్క మోడ్ వాడాను. అద్దాలు ఒకచోట ఆగుతాయి, లేజర్ నేను చెప్పినంతసేపు వెలుగుతుంది. 20 వేల పల్స్‌ల దగ్గర 1 మిల్లీసెకను అంటే 20 దెబ్బలు. 5 మిల్లీసెకన్లు అంటే 100.

ఎనర్జీని బాగా తగ్గించాను. పవర్ 2 శాతం, లెక్క ప్రకారం పల్స్‌కు 0.02 మిల్లీజౌల్. ఇంత తక్కువ శాతంలో మిషన్ చూపే అంకెను పూర్తిగా నమ్మను, నా దగ్గర పవర్ మీటర్ లేదు. అందుకే అన్ని చుక్కలూ ఒకే గంటలో, ఒకే సెట్టింగ్‌లో కొట్టాను. పోలిక వరకు పనికొస్తుంది.

304 ముక్కను అద్దంలా పాలిష్ చేసి, స్పిరిట్‌తో తుడిచి పెట్టాను. వచ్చింది ఇది.

ఒక దెబ్బ: ఏమీ కనిపించలేదు. లైటు ఎటు తిప్పినా లేదు. రెండు, ఐదు: అదే. పది దగ్గర పాలిష్ గీతలున్న చోట సన్నని మచ్చ. ఇరవై దగ్గర మచ్చ గుండ్రంగా అయ్యి మెరుపు తగ్గింది. యాభైకి రంగు మారింది. వందకు కంటికే చుక్క కనిపించింది. ఐదు వందలకు నడుమ చిన్న గుంట, దాని అంచున కరిగి గడ్డకట్టిన గట్టు, చుట్టూ రంగుల ఉంగరం.

ఒక్క దెబ్బకు చెక్కుచెదరని లోహం, అదే దెబ్బ వందసార్లు పడేసరికి మారిపోయింది. ఇది చదివి తెలుసుకోవడం వేరు, మన చేతి కింద చూడడం వేరు. రాత్రి పదకొండు దాకా ఆ తొమ్మిది చుక్కలనే చూస్తూ ఉండిపోయాను.

దీని మీద శాస్త్రవేత్తలు ఎప్పుడో పని చేశారు. 1988లో జీ, బెకర్, వాల్సర్ అనే ముగ్గురు ఒంటి స్ఫటికాల లోహాల మీద పల్స్‌లు కొట్టి, లోహం దెబ్బతినే హద్దు పల్స్‌ల సంఖ్యతో పాటు ఎలా తగ్గుతుందో సూత్రం రాశారు. సూత్రంలో ఒక ఘాతం ఉంటుంది. చాలా లోహాలకు అది 0.8, 0.9 ప్రాంతంలో ఉంటుంది. 0.85 అనుకుని లెక్క వేస్తే, ఒక్క దెబ్బకు కావలసిన ఎనర్జీలో 10 దెబ్బలకు 71 శాతం, 100 దెబ్బలకు సగం, 1000 దెబ్బలకు 35 శాతం చాలు.

కారణం మాటల్లో చెప్పాలంటే, ప్రతి పల్స్‌కు పైపొర వేడెక్కి ఉబ్బాలని చూస్తుంది, కింద చల్లగా ఉన్న లోహం దాన్ని ఉబ్బనివ్వదు. ఆ ఒత్తిడికి పైపొర లోపల సన్నగా జరుగుతుంది, చల్లారాక పూర్తిగా పాత స్థితికి రాదు. బైండింగ్ వైరును అటూ ఇటూ వంచినట్టే. మొదటి వంపుకు విరగదు, కానీ మొదటి వంపును అది మరిచిపోదు. దీనికి తోడు నునుపు పోయిన చోట, ఆక్సైడ్ పట్టిన చోట కాంతి వెనక్కి తిరిగిపోకుండా ఎక్కువగా లోపలికి ఇంకుతుంది. అంటే దెబ్బల బలం అదే అయినా, తర్వాతి దెబ్బ నుంచి లోహం తీసుకునేది ఎక్కువ.

జూన్ 27

నిన్నంతా ఒకటే ప్రశ్న. వంద దెబ్బల చుక్క మారింది లోహం గుర్తుపెట్టుకున్నందుకా, లేక దెబ్బకూ దెబ్బకూ మధ్య చల్లారే టైమ్ లేక వేడి పోగుపడినందుకా?

విడదీయడానికి సులువైన దారి దొరికింది. ఒకే చుక్కకు ఒక్కో పల్స్ చొప్పున, సెకనుకు ఒకటిగా వందసార్లు. అద్దాలు కదలవు కాబట్టి మొన్నటి గందరగోళం రాదు. పక్కనే అదే ఎనర్జీతో 100 పల్స్‌లు ఒకేసారి, 5 మిల్లీసెకన్లలో.

సెకనుకు ఒకటి చొప్పున కొట్టినదీ మారింది! మచ్చ పలచగా ఉంది, కానీ స్పష్టంగా ఉంది. దాని చుట్టూ రంగుల ఉంగరం మాత్రం లేదు. ఒకేసారి కొట్టిన దానికి ఉంగరం ఉంది, మచ్చ ముదురుగా ఉంది. కాబట్టి రెండు కారణాలూ నిజమే. గుర్తు లోహానిది, ఉంగరం వేడిది.

వేడి లెక్క ఇలా ఉంది. స్టీలులో వేడి నెమ్మదిగా పాకుతుంది. 50 మైక్రాన్ల చుక్క నుంచి వేడి చెదిరిపోవడానికి సుమారు 30 మైక్రోసెకన్లు కావాలి. 20 వేల పల్స్‌ల దగ్గర దెబ్బకూ దెబ్బకూ మధ్య 50 మైక్రోసెకన్లు ఉంటుంది కాబట్టి చాలావరకు చల్లారుతుంది, కొంచెం మిగులుతుంది. అదే సెకనుకు 3 లక్షల పల్స్‌లు పెడితే మధ్యలో 3.3 మైక్రోసెకన్లే. చల్లారే ప్రసక్తే లేదు.

ఉంగరంలో రంగులు లోపలి నుంచి బయటికి వరుసగా నీలం, ఊదా, ఎండుగడ్డి రంగు. బాపు చూడగానే "కొలిమిల ఉలికి పదును పెట్టేటప్పుడు వచ్చే రంగులే ఇవి" అన్నాడు. నిజమే. కమ్మరి ఉలిని నీళ్లలో ముంచి, మళ్లీ నెమ్మదిగా కాస్తూ గడ్డి రంగు దగ్గర ఆపాలా, నీలం దాకా పోనివ్వాలా అని కంటితోనే చూస్తాడు. అది రంగు పూత కాదు. లోహం మీద పెరిగిన ఆక్సైడ్ పొర మందాన్ని బట్టి, పొర పైన తిరిగిన కాంతి, అడుగున తిరిగిన కాంతి కలిసి కొన్ని రంగులను మింగి కొన్నింటిని చూపుతాయి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఉక్కు చేసి, పర్షియా నుంచి వచ్చిన వ్యాపారులకు అమ్మిన వాళ్లు కూడా థర్మామీటరుతో కాదు, కంటితోనే వేడిని చదివి ఉంటారు. ఆ చదువు నా మైక్రోస్కోపు కింద కనిపించడం నాకు చాలా సంతోషం కలిగించింది.

జూలై 3

రాగి మీద ఒక్కరోజు ప్రయోగం. రాగి ఈ కాంతిని దాదాపు అంతా తిప్పి కొడుతుంది, పైగా వేడి స్టీలులో కంటే పాతిక రెట్లకు పైగా త్వరగా పాకుతుంది. 0.02 మిల్లీజౌల్‌కు ఐదు వందల దెబ్బలకు కూడా ఏమీ కాలేదు. 0.3 దాకా పెంచితే మొదటి దెబ్బకు ఒకచోట పట్టింది, ఇంకోచోట పట్టలేదు. పట్టిన చోటల్లా గీతో మరకో ఉంది. ఒకసారి పట్టాక మాత్రం తర్వాతి దెబ్బలు వదల్లేదు. సెకనుకు ఒకటి కొట్టినా, ఒకేసారి కొట్టినా రాగి మీద పెద్ద తేడా లేదు. ఒక్క మైక్రోసెకనులోనే చల్లారిపోయే లోహానికి 50 మైక్రోసెకన్లు చాలా ఎక్కువ.

జూలై 6

ఈ రోజు రాసేది భద్రత గురించి, ఎవరూ దాటేయవద్దు.

ఒక స్టీలు పళ్లెం లోపలి వైపు టెస్ట్ కొట్టాను. ఆపాక చూస్తే, పక్కన నిలబెట్టిన నల్ల అట్ట మీద ఒక కాలిన చుక్క. పళ్లెం లోపలి వంపు పుటాకార దర్పణంలా పనిచేసి, తిరిగొచ్చిన కాంతిని మళ్లీ ఒకచోటికి చేర్చింది. ఆ అట్ట ఉన్న ఎత్తు నా ముఖం ఎత్తు. నేను 1064 నానోమీటర్లకు సరిపడే కళ్లద్దాలు పెట్టుకునే ఉన్నాను. కానీ సాయంత్రాలు మా చెల్లె కొడుకు దుకాణానికి వస్తాడు.

కనిపించని కాంతి కాబట్టి కన్ను రెప్ప వేయదు. రెటీనా కాలితే తిరిగి రాదు. మామూలు నల్ల కళ్లద్దాలు దీనికి పనికిరావు. ప్రయోగాలన్నీ ఆపి, రేకుతో మూడు వైపులా డబ్బా, ముందు తలుపు, తలుపు తెరిస్తే లేజర్ ఆగేలా స్విచ్, వెనక పొగ లాగే ఫ్యాన్ పెట్టించాను. స్టీలు నుంచి వచ్చే పొగలో క్రోమియం, నికెల్ ఉంటాయి, పీల్చేది కాదు. మూడు రోజులు పట్టింది.

జూలై 12

ఇప్పుడు అసలు ప్రయోగం. పాత సెట్టింగ్‌లో చదరపు మిల్లీమీటరుకు ఖర్చయ్యే ఎనర్జీ ఒక విడతకు 4 జౌళ్లు, రెండు విడతలకు 8. అదే 8 జౌళ్లను చిన్న చిన్న దెబ్బలుగా పంచితే ఏమవుతుంది?

కొత్త సెట్టింగ్: 12 వాట్లు, సెకనుకు 3 లక్షల పల్స్‌లు, పల్స్ పొడవు 20 నానోసెకన్లు, స్పీడ్ సెకనుకు 750 మిల్లీమీటర్లు, గీతల మధ్య 2 మైక్రాన్లు, ఒకే విడత. పల్స్‌కు 0.04 మిల్లీజౌల్. ఒక్కో బిందువుకు సుమారు 390 దెబ్బలు. 20 దెబ్బలు ఇంటూ 0.8 అయితే 16, 390 ఇంటూ 0.04 అయితే 15.6. ఎనర్జీ అంతే.

రెండు చదరాలు పక్కపక్కన కొట్టాను. పాతది గోరుతో గీస్తే గరుకుగా తగులుతుంది, బూడిద రంగు, మైక్రోస్కోపులో గుంటలు, గట్లు, చల్లారిన తుంపరలు. కొత్తది నిండు నలుపు. గోటికి ఏమీ తగల్లేదు. నునుపు అలాగే ఉంది, రంగు మాత్రమే మారింది.

పెద్ద దెబ్బకు లోహం కరిగి, కొంత ఆవిరై, ఆ ఆవిరి తోపుకు కరిగినది అంచులకు చిమ్ముతుంది. చిన్న దెబ్బకు చిమ్మేంత బలం లేదు. వేడి పోగుపడి ఆక్సైడ్ పెరుగుతుంది, పైపొర సన్నగా ముడుచుకుంటుంది, కాంతి అందులో చిక్కుకుని నల్లగా కనిపిస్తుంది.

ఇక్కడ ఒక మాట. పల్స్‌లను నానోసెకన్ల నుంచి ఇంకా లక్షల రెట్లు కురచ చేసి ఫెమ్టోసెకన్లకు తెస్తే, లోహం మీద కాంతి తరంగం పొడవుకు దగ్గరగా ఉండే ఎడంతో వరుస వరుస అలలు ఏర్పడతాయి, దుక్కి దున్నినట్టు. అలాంటి అలలను మొదట 1965లో బిర్న్‌బామ్ రూబీ లేజర్‌తో సెమీకండక్టర్ల మీద చూశాడు. అది కూడా దెబ్బల లెక్కతో నడిచేదే. మొదటి కొన్ని పల్స్‌లు గరుకు చేస్తాయి, ఆ గరుకు మీద చెదిరిన కాంతి వచ్చే కాంతితో కలిసి చాళ్లు వేస్తుంది, తర్వాతి పల్స్‌లు ఆ చాళ్లనే లోతు చేస్తాయి. అంత కురచ పల్స్‌లను బలంగా చేసే పద్ధతిని 1985లో స్ట్రిక్‌లాండ్, మూరూ కనుక్కున్నారు, దానికి 2018లో నోబెల్ వచ్చింది. నా మిషన్‌తో ఆ అలలు రావు. దాని పల్స్ పొడవు ఎక్కువ, కాంతి కంపించే దిశ కూడా ఒకటి కాదు. ఎప్పటికైనా ఆ చాళ్లను స్వయంగా చూడాలని ఉంది.

జూలై 20

ఉప్పు పరీక్ష. లీటరు నీళ్లకు 50 గ్రాముల ఉప్పు, ఆ నీళ్లలో తడిపిన గుడ్డ ముక్కల మీద కప్పి, ఆరకుండా డబ్బాలో పెట్టి రెండు రోజులు.

పాత సెట్టింగ్, 202: మొదటి రోజు సాయంత్రానికే గోధుమ చుక్కలు. పాత సెట్టింగ్, 304: రెండో రోజు అంచుల దగ్గర. కొత్త సెట్టింగ్, 304: శుభ్రం. కొత్త సెట్టింగ్, 202: అక్షరాలు నల్లగా బాగున్నాయి, కానీ మూడు చోట్ల తుప్పు చుక్క.

స్టీలుకు తుప్పు పట్టకపోవడం ఇనుము గొప్పతనం కాదు, క్రోమియం గొప్పతనం. గాలి తగలగానే క్రోమియం కొన్ని నానోమీటర్ల పొర కట్టుకుంటుంది. బాపు ఉలి దెబ్బకు ఆ పొర చిరిగినా, చల్లని దెబ్బ కాబట్టి కింద క్రోమియం అలాగే ఉంటుంది, పొర మళ్లీ కట్టుకుంటుంది. లేజర్ వేడికి ఇనుము కలిసిన మందపు ఆక్సైడ్ పెరుగుతుంది, దాని కింది పొరలో క్రోమియం తగ్గిపోతుంది. గుంటల్లో ఉప్పు, చింతపండు రసం నిలిస్తే ఇక చెప్పేదేముంది. వంటింట్లో ఆ రెండూ రోజూ ఉంటాయి.

ఆ మూడు చుక్కలు నన్ను వదల్లేదు. మిగతా అక్షరమంతా బాగుండి ఆ మూడు చోట్లే ఎందుకు?

జూలై 24

దొరికింది. మూడు చుక్కల్లో రెండు తలకట్టు కొసన, ఒకటి గుడి చుట్టు తిరిగే చోట.

అక్షరం నింపాక చివర అంచు గీత గీయమని నేనే సెట్టింగ్‌లో పెట్టాను, అంచు స్పష్టంగా రావాలని. తెలుగు అక్షరాలన్నీ వంపులే. అద్దాలు వంపు దగ్గర, గీత కొస దగ్గర వేగం తగ్గించుకుంటాయి. బస్సు మలుపులో తగ్గినట్టే. కానీ లేజర్ తగ్గదు, సెకనుకు 3 లక్షలు కొడుతూనే ఉంటుంది. తిన్నని గీతలో 390 పడాల్సిన చోట, మలుపులో వెయ్యి కూడా పడుతుండవచ్చు. సెట్టింగ్ ఒకటే అని నేను అనుకుంటున్నాను, కానీ తలకట్టు కొసకు అందుతున్న సెట్టింగ్ వేరు.

పెద్దమ్మ బిందె తీసి భూతద్దంతో చూశాను. తుప్పు ఎక్కువ ముదిరినది అక్షరాల కొసలలోనే. ఆరు వారాలుగా కళ్ల ముందున్నది ఇవాళ కనిపించింది.

అంచు గీత తీసేశాను. నింపే గీతలు కొసన తిరిగేటప్పుడు లేజర్ ఆగి, అద్దాలు వేగం అందుకున్నాకే వెలిగేలా డిలేలు సరిచేశాను. దీనికే నాలుగు గంటలు, ముప్పై ముక్కలు పట్టాయి. డిలే తక్కువైతే కొసలు ముదురుతాయి, ఎక్కువైతే కొసలు తెగిపోయి 'క' చూస్తే వేరే అక్షరంలా ఉంటుంది.

మళ్లీ ఉప్పు గుడ్డ. 202 మీద రెండు రోజులకు ఒక్క చుక్కా లేదు.

జూలై 29

నిమ్మ ఉప్పు. కిరాణంలో పులిహోరకు కొనే నిమ్మ ఉప్పే సిట్రిక్ ఆసిడ్. ఫ్యాక్టరీల్లో స్టీలు సామాను మీద అంటిన ఇనుమును కరిగించి, క్రోమియం పొర గట్టిపడేలా చేయడానికి దీన్నే వాడతారు. లీటరు నీళ్లకు 100 గ్రాములు, చేయి పెట్టలేనంత వేడి, అరగంట, తర్వాత మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి.

పాత సెట్టింగ్ ముక్కలకు చేస్తే ఉప్పు గుడ్డ కింద తుప్పు ఆలస్యమైంది కానీ ఆగలేదు. గుంటలు గుంటలే. కొత్త సెట్టింగ్ ముక్కలకు నలుపు ఒక పిసరు తగ్గింది, ఐదు రోజులకు కూడా తుప్పు లేదు. పిసరు నలుపు పోయినా సరే, ఇక ప్రతి గిన్నెకూ ఇది చేస్తాను.

ఆగస్టు 2

మధ్యలో ఒక చిన్న వింత రాయడం మరిచాను. జూలై 9న ఒక ముక్క మీద పాత లోతు సెట్టింగ్‌తో పెద్ద చదరం కొట్టి, నీటిబొట్టు వేసి చూశాను. బొట్టు నిలవలేదు, చదరం అంచుల దాకా పరుచుకుంది. ముక్కను కాగితం కప్పి అల్మారాలో పెట్టాను. ఇవాళ తీసి బొట్టు వేస్తే తామరాకు మీద నీళ్లలాగా గుండ్రంగా నిలబడి, వంచగానే దొర్లింది. నేను దాన్ని ముట్టుకోలేదు, ఏమీ పూయలేదు.

అప్పుడే కాలిన ఆక్సైడ్ నీటిని ఇష్టపడుతుంది. రోజులు గడిచేకొద్దీ గాలిలోని జిడ్డు లాంటి కర్బన పదార్థాలు ఆ గరుకు మీద కంటికి కనిపించని పొరలా చేరతాయి. గరుకు ముందున్న గుణాన్నే పెంచుతుంది కాబట్టి, పైపొర నీటిని వద్దనడం మొదలుపెడితే బాగా వద్దంటుంది. లేజర్ ఆపగానే లోహం మారడం ఆగిపోతుందని అనుకునేవాణ్ని. ఇరవై నాలుగు రోజుల తర్వాత కూడా మారుతూనే ఉంది. అందుకే ఇకనుంచి ముక్కల మీద కొట్టిన తేదీ రాసి ఉంచుతున్నాను.

ఆగస్టు 5

ఇత్తడి మొదలుపెట్టి ఆపేశాను. పెంబర్తి పనివాళ్లు వాడే లాంటి ఇత్తడి రేకు ముక్క మీద 200 దెబ్బలు వేస్తే చుక్క ఎర్రబడింది. జింకు 907 డిగ్రీలకే మరుగుతుంది, రాగి 1085 డిగ్రీలకు గానీ కరగదు. దెబ్బ దెబ్బకూ జింకు ముందు లేచిపోయి, రాగి మిగిలినట్టుంది. కానీ తెల్లటి పొగ ఎక్కువ వచ్చింది. ఇప్పుడున్న ఫ్యాన్ దానికి చాలదు. పెద్ద ఫ్యాన్, ఫిల్టర్ పెట్టాకే మళ్లీ.

ఆగస్టు 9

పెద్దమ్మ బిందె. పాత పేరును సన్న ఎమెరీ కాగితంతో అరగదీసి, బఫ్ చేసి అద్దంలా తెచ్చింది బాపే. ఆ చెయ్యి నాకింకా రాలేదు. నేను కొత్త సెట్టింగ్‌తో పేరు వేశాను, నలభై సెకన్లు. నిమ్మ ఉప్పు నీళ్లలో తడిపిన గుడ్డను అరగంట చుట్టి, కడిగి, ఆ తర్వాత ఉప్పు గుడ్డ చుట్టి రెండు రోజులు ఉంచాను. విప్పితే శుభ్రంగా ఉంది.

ఆమె వచ్చి అక్షరాల మీద వేలు పెట్టి చూసింది. "చేతికి తగుల్తలేదు. చెరిగిపోదా బిడ్డా?" అని అడిగింది. గిన్నెలు తోమే పీచు ఇచ్చి రుద్దమన్నాను. గట్టిగానే రుద్దింది. పేరు అలాగే ఉంది.

ఆ మూడు కారణాలూ చెప్పాను: పెద్ద దెబ్బలు, కొసల దగ్గర ఎక్కువ దెబ్బలు, తర్వాత కడగకపోవడం. తప్పు నాదేనని, మిగతా సామాన్లు కూడా తెస్తే పైసలు లేకుండా చేసిస్తానని చెప్పాను. ఆమె బిడ్డకు ఫోన్ చేసి అత్తగారింట్లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టించింది. నలభై మూడు.

ఎల్లుండి ఆటోలో వేసి పంపిస్తామన్నారు. బాపు ఎమెరీ కాగితాలు కొనడానికి చౌరస్తాకు పోయాడు. నేను రెండు కిలోల నిమ్మ ఉప్పు తెచ్చి, పెద్ద టబ్బు కడిగి పెట్టాను.